జల్లెడనుండి పుట్టిన మాట

ధాన్యము దంచిన పిమ్మట ఇల్లాలు చేట చేతబట్టి చెరుగును. ఊక గాలికి ఎగిరిపోవును. నూకలు ఒక వైపునకును, బియ్యము ఒక వైపునకును చేరును. పిండిని జల్లెడ పట్టినచో మెత్తని పిండి క్రిందికి జారును. ముతక పలుకులు పైన నిలిచిపోవును. మానవుడు సేద్యము నేర్చిన నాటినుండి ఈ పని చేయుచునే యున్నాడు. రెండు వేల యేండ్లకు పూర్వము ఇటలీ దేశమున లాటిన్ భాష మాటలాడిన కృషీవలులును దీనినే చేసిరి. వారు జల్లెడను 'క్రీబ్రుమ్' అనిరి. జల్లించుటను, వేరుపరచుటను 'కెర్నెరె' అను క్రియతో చెప్పిరి. నేడు న్యాయస్థానములలోను, శాసనసభలలోను, వార్తాపత్రికలలోను తరచుగా వినబడు ఒక ఇంగ్లీషు మాట ఈ క్రియనుండియే పుట్టినది. అది 'డిస్క్రిమినేషన్'.

ఒకరిని ఒక విధముగను, మరియొకరిని మరియొక విధముగను అన్యాయముగా చూచుట యని నేడు దీనికి వాడుకలోనున్న అర్థము. దానిని తెలుగున వివక్ష యందురు. కాని మూడు వందల యేండ్ల క్రిందట ఇంగ్లండు దేశమున ఒకనిని గూర్చి 'ఇతడు డిస్క్రిమినేషన్ గలవాడు' అనినచో అది నింద కాదు, స్తుతి. మంచికిని చెడ్డకును, మేలిమికిని నకిలీకిని గల భేదమును గుర్తింపగల బుద్ధిమంతుడని దాని భావము. ఒకే మాట స్తుతినుండి నిందకు ఎట్లు దిగినదో తెలిసికొనుట పండితులకు మాత్రమే చెల్లు వినోదము కాదు. ఆ మార్పు వెనుక లక్షలకొలది మనుష్యుల బ్రదుకులు కలవు.

లాటిన్ క్రియయగు కెర్నెరెకు ముందు 'డిస్' అను ఉపసర్గము చేరగా 'డిస్కెర్నెరె' యను మాట ఏర్పడినది. వేరువేరుగా విడదీయుట యని దాని యర్థము. ఇంగ్లీషులోని 'డిసెర్న్' దీని రూపమే. దానికి సంబంధించిన నామవాచకము 'డిస్క్రీమెన్'. రెండు వస్తువుల నడుమ నుండు ఎడమును, వానిని వేరుచేయు గీతను ఈ మాట తెలుపును. రోము నగర స్త్రీల తలలోని పాపటను సైతము లాటిన్ కవులు డిస్క్రీమెన్ అనిరి. ఈ మాటకు పాపటకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము. పాపటకు ఇరువైపుల నున్నవి ఒకే తలలోని వెండ్రుకలు. నడిమి గీత మాత్రము దువ్వెనతో తీసినది.

డిస్క్రీమెన్‌కు ఆపద, గండము అను అర్థము కూడ కలదు. ఇటో అటో తేలిపోవలసిన గడియ గనుక ఆ పేరు వచ్చినది. వర్జిల్ మహాకవి రచించిన ఈనీడ్ కావ్యమున ఈ మాట మరియొక సందర్భమున కానవచ్చును. ట్రాయ్ నగరము కాలిపోగా, ఓడలెక్కి తిరుగుచు తుపాను పాలయిన శరణార్థులు కార్తేజి నగరము చేరుదురు. ఆ నగరపు రాణి డైడో తూరు దేశమునుండి వలసవచ్చినది; ఆమె ప్రజలును ఆ దేశమువారే. తన దేశమువారికిని, ట్రాయ్‌వారికిని నడుమ డిస్క్రీమెన్ ఏమియు నుండబోదని ఆమె వారికి మాట యిచ్చును. పరదేశిని తనవానితో సమానముగా చూచుట యను భావము ఈ మాటకు అంత పూర్వమే తోడుగా నుండెనన్నమాట. ఇంగ్లీషువారు దీనిని తెచ్చుకొన్నప్పుడు మాత్రము ఆ భావమును వెంట తెచ్చుకొనలేదు.

కెర్నెరె సంతతి చాల పెద్దది. జల్లించగా తేలినది గనుక 'సర్టెన్', అనగా నిశ్చయమయినది. వేరుగా తీసి దాచినది గనుక 'సీక్రెట్', అనగా రహస్యము. రహస్యములు అప్పగింపబడినవాడు 'సెక్రటరీ'. కార్యాలయమున గంభీరముగా కూర్చుండు కార్యదర్శికి జల్లెడతో చుట్టరికమున్నదనినచో ఆయన నమ్ముట కష్టమే. గ్రీకు భాషలో ఇదే మూలమునుండి నిర్ణయించుట యను అర్థముగల క్రియ పుట్టినది. దానినుండి గుణదోషములను విచారించు 'క్రిటిక్' అను మాటయు, నిర్ణయము తేలవలసిన గడియయగు 'క్రైసిస్' అను మాటయు వచ్చినవి.

సంస్కృత భాషలో దీనికి సమానమయిన ఒక ముచ్చట కలదు. వివేకము అను మాటను తెలుగువారెల్లరు ఎరుగుదురు. అది 'విచ్' అను ధాతువునుండి పుట్టినది. వేరుచేయుట యని ఆ ధాతువునకు అర్థము. ధాన్యమును చెరిగి పొల్లును తొలగించుటకు దానిని ప్రాచీనులు విశేషముగా వాడిరి. లాటిన్ మాటయు సంస్కృతపు మాటయు ఒకే ధాతువునుండి పుట్టినవి కావు. కాని ఒకే పనినుండి పుట్టినవి. ఒకచోట జల్లెడ, మరియొకచోట చేట. పాలను నీళ్లను వేరుచేయు హంసను మన కవులు వివేకమునకు గుర్తుగా చెప్పుటలోని భావమును ఇదియే.

ఇంగ్లీషులో డిస్క్రిమినేషన్ అను మాట పదునేడవ శతాబ్దమున వాడుకలోనికి వచ్చినది. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన ప్రసిద్ధ నిఘంటువున దీనికి భేదమును గుర్తించుట, భేదమును తెలుపు చిహ్నము అను అర్థములే కలవు. అన్యాయమను వాసన అందు లేదు. చిత్రములను చూచి మంచి చెడ్డలు తెలుపువానికిని, ఒకే తీరుగా కనబడు రెండు వ్యాధులను వేరుపరచి చెప్పు వైద్యునికిని ఈ గుణము ఉండవలెనని చెప్పుకొనెడివారు. గణితశాస్త్రమున ఈ పాత అర్థము నేటికిని చెక్కు చెదరలేదు. వర్గ సమీకరణమునకు మూలములు ఎట్టివో తేల్చు ఒక రాశికి 1851లో ఇంగ్లీషు గణితవేత్త జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ 'డిస్క్రిమినెంట్' అని పేరు పెట్టెను. ఆ రాశి ధనమయినచో మూలములు వేరువేరు వాస్తవ సంఖ్యలు, సున్న అయినచో సమానములు, ఋణమయినచో వాస్తవ సంఖ్యలు కావు. పై తరగతులలో విద్యార్థులు దీనిని నేర్చుకొందురు. తెలుగు గణిత గ్రంథములు దీనికి విచక్షణి యని పేరు పెట్టినవి. ఇంత ముద్దయిన పారిభాషిక పదములు ఎన్నో లేవు.

మాట త్రోవ మళ్లినది అమెరికా దేశమున. అంతకు ముందును వర్తక విషయములలో, ఒక దేశపు ఓడలపై ఎక్కువ సుంకము, మరియొక దేశపు ఓడలపై తక్కువ సుంకము వేయుటను అక్కడివారు ఈ పేరుతో చెప్పుకొనెడివారు. కాని మనుష్యుల విషయమున దీనికి పదును పెట్టినది బానిసత్వ నిర్మూలనము. నాలుగేండ్ల అంతర్యుద్ధము 1865లో ముగిసినది. ఆ సంవత్సరము డిసెంబరులో రాజ్యాంగమునకు చేసిన పదుమూడవ సవరణ ద్వారా దేశమంతట బానిసత్వము రద్దయినది. నలుబది లక్షలమంది నల్లజాతివారికి సంకెళ్లు తెగినవి. కాని దక్షిణ రాష్ట్రములు ఊరకుండలేదు. విడుదల పొందినవారు ఎక్కడ పని చేయవలెను, పని విడిచిపోయినచో శిక్ష యేమి, భూమిని కౌలుకు తీసికొనవచ్చునా లేదా అనుచు వారికొరకే ప్రత్యేక చట్టములు చేసినవి. బానిస యను పేరు పోయినది. బానిసకు తెల్లవానికి నడుమ నున్న గీత మాత్రము పోలేదు.

ఆ గీతను చెరిపివేయుటకై 1866లో అమెరికా శాసనసభలో ఒక బిల్లు వచ్చినది. జాతి, వర్ణము, పూర్వపు దాస్యము అను కారణములచే పౌర హక్కులలో డిస్క్రిమినేషన్ ఉండరాదని దాని తొలి ప్రతిలో స్పష్టముగా వ్రాసిరి. ఆ వాక్యము మిక్కిలి విస్తృతమయినదనియు, దానికి ఎంత దూరము అర్థము చెప్పవచ్చునో తెలియదనియు కొందరు సభ్యులు భయపడగా, చర్చ నడుమ దానిని తీసివేసిరి. మిగిలిన బిల్లు సభల ఆమోదము పొంది అధ్యక్షుని యొద్దకు వెళ్లినది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్. నిఘంటువు వ్రాసిన జాన్సన్‌కును ఈయనకును పేరు తప్ప పొత్తు లేదు. ఈయన మార్చి 27న బిల్లును నిరాకరించి వెనుకకు పంపెను. అందుకు చెప్పిన కారణములలో ఒకటి వినదగినది. పరదేశమునుండి వచ్చిన తెల్లవారు పౌరసత్వమునకై ఐదేండ్లు వేచియుండవలెను గదా, నల్లవారికి వెంటనే ఇచ్చుట ఆ పరదేశీయులపట్ల డిస్క్రిమినేషన్ కాదా యని ఆయన వాదించెను.

తరతరములు కట్టుబానిసలుగా పడియున్నవారికి పౌరసత్వము ఇచ్చుట ఇతరులపట్ల అన్యాయమని వాదించుటకు ఈ మాట ఆయనకు పనికివచ్చినది. బిల్లు తెచ్చినవారి నోటను అదే మాట, త్రోసివేసినవారి నోటను అదే మాట. శాసనసభ్యులు అధ్యక్షుని తిరస్కారమును లెక్కచేయక, మూడింట రెండు వంతుల ఆధిక్యముతో ఏప్రిల్ 9న బిల్లును చట్టము గావించిరి. జాతి కారణముగా హీనముగా చూచుట యను కొత్త యర్థము ఈ మాటకు 1866 నాటి అమెరికా వ్రాతలలోనే మొదట కనబడునని నిఘంటుకారులు చెప్పుదురు.

చట్టము వచ్చినంత మాత్రమున గీత చెరగలేదు. లూయిసియానా రాష్ట్రము 1890లో ఒక చట్టము చేసి రైలుబండ్లలో తెల్లవారికి ఒక పెట్టె, ఇతరులకు ఒక పెట్టె ఏర్పరచినది. దానిని ఎదిరింపదలచిన ఒక సంఘము వారు హోమర్ ప్లెస్సీ యను యువకుని ఎన్నుకొనిరి. ఆయన పూర్వికులలో ఎనిమిదింట ఏడు పాళ్లు తెల్లవారు; ఒక్క పాలు మాత్రము ఆఫ్రికా జాతి. చూచువారికి ఆయన తెల్లవాడే. 1892 జూన్ 7న ఆయన న్యూ ఆర్లియన్స్ నగరమున మొదటి తరగతి టిక్కెట్టు కొని తెల్లవారి పెట్టెలో కూర్చుండెను. తాను నల్లజాతి వాడనని ఆయన చెప్పిన పిదపనే బండి అధికారికి ఆ సంగతి తెలిసినది. లేచిపొమ్మనగా ఆయన లేవలేదు, నిర్బంధించిరి. కంటికి కానరాని భేదమును చట్టము ఎంచి చూపినదన్నమాట. వ్యాజ్యము సుప్రీముకోర్టు వరకు పోయినది. పెట్టెలు వేరయినను సౌకర్యములు సమానముగా నున్నచో తప్పు లేదని 1896లో ఏడుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. జాన్ మార్షల్ హార్లన్ అను ఒక్క న్యాయమూర్తి మాత్రము రాజ్యాంగమునకు వర్ణము కనబడదని భిన్నాభిప్రాయము వ్రాసెను. పాఠశాలల విషయమున ఈ సిద్ధాంతము చెల్లదని అదే న్యాయస్థానము 1954లో ప్రకటించునప్పటికి యాబదియెనిమిదేండ్లు గడచినవి.

ప్లెస్సీ బండి యెక్కిన దినమునకు సరిగా ఒక సంవత్సరము తరువాత, 1893 జూన్ 7న, దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో ఒక భారతీయ న్యాయవాదిని మొదటి తరగతి పెట్టెనుండి దింపివేసిరి. ఆయన చేతిలో మొదటి తరగతి టిక్కెట్టు ఉండెను. ఆయనయే మోహనదాసు కరంచందు గాంధి. ఆ చలి రాత్రి కథ ప్రతి బాలునికి తెలిసినదే. అంతగా తెలియనిది ఆ దేశమున గాంధికి ముందే చేరియున్న మనవారి కథ.

1860 నవంబరు 16న మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ మూడు వందలకు పైగా కూలీలతో నేటాలు రాజ్యపు డర్బన్ రేవు చేరినది. చెరకు తోటలలో ఐదేండ్లు పని చేయుటకు వారు ఒడంబడిక వ్రాసియిచ్చిరి. వారిలోను, తరువాతి యేండ్లలో మద్రాసు రేవునుండి ఓడలెక్కినవారిలోను తెలుగువారు ఎందరో కలరు. 1911లో ఈ వలస నిలిచిపోవునప్పటికి సుమారు లక్షా యాబది రెండు వేలమంది భారతీయులు అట్లు వెళ్లిరి. గడువు తీరిన పిమ్మట పలువురు అక్కడనే నిలిచి, కూరగాయలు పండించుచు, చిన్న వ్యాపారములు చేయుచు బ్రదికిరి. తెల్ల వర్తకులకు అది కంటగింపయినది. 1895లో నేటాలు ప్రభుత్వము ఒక చట్టము చేసినది. గడువు తీరిన భారతీయుడు ఇంటికి తిరిగిపోవలెను, లేదా మరల ఒడంబడిక వ్రాయవలెను. ఉండదలచినచో ఏటేట మూడు పౌనుల పన్ను చెల్లింపవలెను. కూలీగా వచ్చిన తొలియేట వాని జీతము నెలకు పది షిల్లింగులు. మూడు పౌనులనగా అరువది షిల్లింగులు. తెల్లవానికి ఈ పన్ను లేదు. 1913లో వేలకొలది కూలీలు పని మానివేసి, గాంధి వెంట నడచి, చెరసాలలకు పోయిరి. మరుసటి సంవత్సరము పన్ను రద్దయినది.

ఈ పన్ను చట్టములో భారతీయుడను పేరు స్పష్టముగా నున్నది. చదివినవారికి అన్యాయము వెంటనే తెలియును. 1897లో నేటాలువారు ఇంతకంటె నేర్పుగల పని చేసిరి. కొత్తగా వచ్చువారు ఒక దరఖాస్తును ఏదేని ఐరోపా భాషలో వ్రాయవలెనని చట్టము చేసిరి. అందు భారతీయుడను మాట లేదు, నలుపు తెలుపు అను మాట లేదు. తెలుగులోగాని, తమిళములోగాని, గుజరాతీలోగాని ఎంత చదివినవాడైనను ఆ జల్లెడ పైననే నిలిచిపోవును. బ్రిటిషు సామ్రాజ్యమున అందరు ప్రజలు సమానులని విక్టోరియా రాణి పేర ప్రకటించియుండుటచే, జాతి పేరెత్తక పని నెరవేర్చు ఈ పద్ధతి లండనులోని అధికారులకు నచ్చినది. వారు దీనిని ఇతర వలస రాజ్యములకును ఉపదేశించిరి.

ఆస్ట్రేలియా దీనిని 1901లో గ్రహించి మరింత పదును పెట్టినది. రేవులో దిగువానికి అధికారి తన యిష్టము వచ్చిన ఐరోపా భాషలో యాబది మాటల వ్యాసఖండము చదివి వినిపించును. వాడు తప్పు లేక వ్రాయవలెను. ఇంగ్లీషు వచ్చినవానికి ఫ్రెంచి భాషలో, ఫ్రెంచి వచ్చినవానికి మరియొక భాషలో పరీక్ష పెట్టవచ్చును. రానీయదలచినవానికి పరీక్షయే పెట్టరు. 1909 తరువాత ఆ పరీక్షలో ఒక్కడును ఉత్తీర్ణుడు కాలేదు. ధాన్యమును బట్టి జల్లెడ కన్నులను మార్చుకొనుచు పోయినచో ఏ గింజ క్రిందికి జారును?

1934లో ఈ పరీక్షకు ఒక విచిత్రమయిన యోగము పట్టినది. ప్రేగు నగరమునకు చెందిన పత్రికారచయిత ఎగన్ ఎర్విన్ కిష్ యుద్ధమును, ఫాసిజమును నిరసించు సభలో ప్రసంగించుటకు ఆస్ట్రేలియాకు వచ్చెను. ప్రభుత్వమునకు ఆయన రాజకీయములు గిట్టవు. నేల మీద దిగనీయలేదు. మెల్బోర్ను రేవులో ఆయన ఓడపైనుండి క్రిందికి దుమికి కాలు విరుగగొట్టుకొనెను. ఉన్నత న్యాయస్థానము ఆయనను విడుదల చేయుమనగా, అధికారులు పాత జల్లెడను బయటకు తీసిరి. కాని కిష్ తెల్లవాడు. పెక్కు ఐరోపా భాషలెరిగినవాడు. అందుచే ఆయనకు స్కాట్లండులో కొద్దిమంది మాత్రము మాటలాడు గేలిక్ భాషలో పరీక్ష పెట్టిరి. ఆయన తప్పెను. శిక్ష విధించిరి. మరల ఉన్నత న్యాయస్థానమునకు పోగా, చట్టమున చెప్పిన ఐరోపా భాషలలో స్కాట్లండు గేలిక్ చేరదని న్యాయమూర్తులు తీర్మానించి శిక్షను కొట్టివేసిరి. స్కాట్లండువారు తమ భాషకు జరిగిన ఈ గౌరవమునకు సంతోషింపలేదని వేరుగ చెప్పనక్కరలేదు. రంగును బట్టి మనుష్యులను వడకట్టుటకు తయారయిన యంత్రము, అవసరము వచ్చినప్పుడు అభిప్రాయములను బట్టియు వడకట్టగలదని ఈ వ్యవహారమున బయటపడినది. ఆ పరీక్షను 1958లో ఎత్తివేసిరి.

ఈ విధముగా డిస్క్రిమినేషన్ అను మాట రెండు ముఖములు గలది అయినది. ఏ ముఖము ఎప్పుడు కనబడునో తెలియుటకు ఇంగ్లీషున ఒక చిన్న గుర్తు కలదు. క్రియ తరువాత 'బిట్వీన్' వచ్చినచో రెంటి నడుమ భేదమును గుర్తించుట. 'అగైన్‌స్ట్' వచ్చినచో ఒకరికి ప్రతికూలముగా భేదమును పాటించుట. పుట్టగొడుగులు ఏరువాడు తినదగినదానికిని, విషపుదానికిని నడుమ భేదము గుర్తింపనిచో ప్రాణమే పోవును. అద్దెయిల్లు అడుగవచ్చినవాని కులము తెలిసికొని తలుపు వేయువాడును భేదమునే గుర్తించుచున్నాడు. కాని వాడు తెలిసికొన్నది అద్దె చెల్లించు శక్తికి గాని, ఇల్లు శుభ్రముగా ఉంచుకొను అలవాటునకు గాని సంబంధించినది కాదు. మొదటివాడు అడుగవలసిన ప్రశ్ననే అడిగెను. రెండవవాడు ఆ పనితో పొత్తులేని ప్రశ్న నడిగి, దాని జవాబును బట్టి నడచుకొనెను. విశేషణములలో ఇంగ్లీషువారు ఈ రెంటిని మరింత స్పష్టముగా విడదీసిరి. 'డిస్క్రిమినేటింగ్' అనినచో మంచి యభిరుచి గలవాడు. 'డిస్క్రిమినేటరీ' అనినచో పక్షపాతముతో కూడినది.

తెలుగునకు ఈ చిక్కు లేదు. మొదటి యర్థమునకు విచక్షణ, రెండవదానికి వివక్ష అని రెండు మాటలు సిద్ధముగా నున్నవి. రెండును సంస్కృతమునుండి వచ్చినవే. విచక్షణలోని ధాతువునకు స్పష్టముగా చూచుట యని అర్థము. వివక్ష కథ మాత్రము వింతయయినది. సంస్కృతమున వివక్ష యనగా చెప్పవలెనను కోరిక. వక్త మనసులోని ఉద్దేశము. వ్యాకరణ గ్రంథములలో నేటికిని అదియే యర్థము. ఆ మాట తెలుగు వాడుకలో భేదదృష్టికి పేరయి, కులవివక్ష, లింగవివక్ష, వర్ణవివక్ష అను సమాసములలో స్థిరపడినది. డిస్క్రిమినేషన్ స్తుతినుండి నిందకు దిగినట్లే, వివక్షయు ఎవరిని నొప్పింపని వ్యాకరణపు మాటగా నుండి నిందావాచకమయినది. కొందరు దీనికి తకారము చేర్చి వివక్షత యని వ్రాయుదురు. వివక్షయే నామవాచకము గనుక ఆ తకారము వలన అక్షర మొకటి పెరుగుట తప్ప ప్రయోజనము లేదు.

ఈ రెంటికంటె పల్లె జనమునకు దగ్గరయిన మాట ఒకటి కలదు. అది పంక్తిభేదము. ఒకే వరుసలో భోజనమునకు కూర్చుండినవారిలో ఒకనికి నేయి ధారగా పోసి, ప్రక్కవానికి చుక్క రాల్చుట పంక్తిభేదము; దానిని మన పెద్దలు దోషముగా నెంచిరి. వడ్డించువాడు మనవాడయినచో కడపటి పంక్తి నున్నను చింత లేదను సామెతయు ఈ యనుభవమునుండి వచ్చినదే. అయితే ఒక సంగతి మరువరాదు. పంక్తిలో భేదము చూపరాదనిన యీ దేశముననే, పంక్తిలో కూర్చుండనే రానివారు కొందరుండిరి. ఊరి బావిలో వారు చేద వేయరాదు. గుడి మెట్లు ఎక్కరాదు. దోషమునకు పేరు పెట్టినవారి కంటికి ఆ పెద్ద దోషము చాల కాలము కనబడలేదు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము ఆ పేరు పెట్టినది. పదునేడవ అనుచ్ఛేదము అంటరానితనమును రద్దు చేసినది. మతము, జాతి, కులము, స్త్రీ పురుష భేదము, జన్మస్థలము అను కారణములచేత మాత్రమే ఏ పౌరునిపట్లను రాజ్యము వివక్ష చూపరాదని పదునైదవ అనుచ్ఛేదము శాసించినది. ఇంగ్లీషు ప్రతిలో ఇక్కడ వాడినది 'అగైన్‌స్ట్' తో కూడిన క్రియయే. అంగళ్లు, భోజనశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు అనుచు అదే అనుచ్ఛేదము ఒక్కొక్క చోటును పేరు పేరున చెప్పినది. రాజ్యాంగమున బావి, చెరువు అను మాటలు చూచి విదేశీయులు ఆశ్చర్యపడవచ్చును. ఈ దేశపు పల్లెలనెరిగినవారు ఆశ్చర్యపడరు.

భేదము చూపరాదనినచో, వెనుకబడినవానికి చేయూత నిచ్చుటకై వానిని వేరుగా గుర్తించుటయు తప్పగునా? ఈ ప్రశ్న మరుసటి యేడే వచ్చినది. నాటి మద్రాసు రాష్ట్రమున వైద్య, ఇంజనీరింగు కళాశాలలలోని ప్రతి పదునాలుగు స్థానములను కులమతములను బట్టి పంచు ఒక ప్రభుత్వపు ఉత్తరువు అమలులో నుండెను. ఆంధ్ర జిల్లాలును అప్పుడు ఆ రాష్ట్రములోనివే. అది రాజ్యాంగమునకు విరుద్ధమని 1951 ఏప్రిల్ 9న సుప్రీముకోర్టు కొట్టివేసినది. జూన్ నెలలో పార్లమెంటు రాజ్యాంగమునకు తొలి సవరణ చేసి, సాంఘికముగను విద్యలోను వెనుకబడిన తరగతుల అభివృద్ధికొరకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు అడ్డు లేదని పదునైదవ అనుచ్ఛేదమున ఒక ఖండమును చేర్చినది.

ఎవరు వెనుకబడినవారు, వారిలోను మరింత వెనుకబడినవారెవరు అను ప్రశ్నలు అంతటితో తీరలేదు. 2000లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము షెడ్యూల్డు కులములను నాలుగు వర్గములుగా విభజించి, వారి రిజర్వేషన్లను ఆ వర్గములకు పంచుచు చట్టము చేసినది. ఒకే జాబితాలోని వారిని రాష్ట్రము అట్లు విడదీయరాదని 2004లో సుప్రీముకోర్టు న్యాయమూర్తులు ఐదుగురు ఆ చట్టమును కొట్టివేసిరి. ఇరువది యేండ్ల పిమ్మట, 2024 ఆగస్టు 1న, అదే న్యాయస్థానమున ఏడుగురు న్యాయమూర్తులు ఈ ప్రశ్నను మరల పరిశీలించిరి. వారిలో ఆరుగురు అట్లు విడదీయుట రాజ్యాంగమునకు విరుద్ధము కాదనిరి. ఒకరు వారితో ఏకీభవింపలేదు.